పుస్తకంలో రాసిన మాటను వెనక్కి తీసుకోవడం ఎలా?

ఒక ప్రోగ్రాముకు కొత్త ఆప్షను చేర్చడానికి ఒక మధ్యాహ్నం చాలు. చేర్చిన దానిని తీసివేయడానికి మాత్రం ఒక్కొక్కసారి పదేళ్ళు పడుతుంది. అలా తీసివేసిన దానినే కొన్నేళ్ళకు మళ్ళీ తెచ్చి యథాస్థానంలో నిలబెట్టవలసి రావడమూ ఉన్నది. ఇది అతిశయోక్తి కాదు. యూనిక్సు చరిత్రలో సరిగ్గా ఇలాగే జరిగిన ఒక ఉదంతాన్ని, దానితో పాటు దానికి చుట్టాలైన మరి నాలుగైదు ఉదంతాలను ఈ టపాలో చెప్పదలచుకున్నాను. మన తెలుగు బ్లాగరులలో సాఫ్ట్‌వేరు వృత్తిలో ఉన్నవారు తక్కువేమీ కాదు గనుక విషయం మరీ పరాయిగా తోచదని నమ్మకం. ఆ వృత్తిలో లేనివారు కూడా చదవగలిగేలా రాయడానికి ప్రయత్నిస్తాను. ఆదేశాలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. అడ్డగీతలను, కూడిక గుర్తులను, అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా చదువుకోగలరు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దల మాట. సాఫ్ట్‌వేరు రాసేవారికి ఆ నోరు మాన్యువల్ పుస్తకం. ప్రోగ్రాములో ఎవరికీ చెప్పకుండా దాగిన లక్షణాన్ని మార్చితే "అది మేము మాట ఇచ్చినది కాదు" అనవచ్చు. మాన్యువల్‌లో రాసిన ఆప్షను సంగతి వేరు. "ఈ గుర్తు పెడితే ఈ పని చేస్తాను" అని అచ్చులో చెప్పిన తరువాత అది ఒప్పందం. పైగా ఆ ఒప్పందానికి అవతలి పక్షం ఎవరో రాసినవారికి తెలియదు. ఎంతమంది ఉన్నారో, ఎక్కడ ఉన్నారో, అసలు ఇంకా బ్రతికి ఉన్నారో లేదో కూడా తెలియదు.

ఈ చివరి మాట ఊరికే అనలేదు. కమాండ్ లైను ఆప్షనును మనిషి తన చేతితో టైపు చేసే సందర్భాలకంటే స్క్రిప్టులు పిలిచే సందర్భాలే ఎక్కువ. మెనూలోంచి ఒక అంశాన్ని తీసివేస్తే మనిషి కాసేపు వెతుక్కుంటాడు, విసుక్కుంటాడు, కొత్తచోటు నేర్చుకుంటాడు. స్క్రిప్టు వెతుక్కోదు, నేర్చుకోదు. దానిని రాసిన వ్యక్తి ఉద్యోగం మారి ఉండవచ్చు. పదవీ విరమణ చేసి ఉండవచ్చు. అర్ధరాత్రి రెండు గంటలకు యంత్రం తనంతట తాను నడుపుకునే ఆ నాలుగు పంక్తులను ఎవరూ తెరిచి చూసి ఏళ్ళు గడిచి ఉంటాయి. ఆప్షను తీసివేసినవాడి మాట ముందుగా చేరేది ఈ గదిలోకే. అక్కడ వినేవారు ఎవరూ ఉండరు.

ఇక అసలు కథ. యూనిక్సులో సార్ట్ అనే ఆదేశం ఉన్నది. ఫైలులోని పంక్తులను వరుసక్రమంలో పెట్టడం దాని పని. ఒక్కొక్క పంక్తిలో పేరు, ఊరు, వయస్సు అని మూడు గడులు ఉన్నాయనుకుందాం. పేరునుబట్టి కాక ఊరునుబట్టి వరుస పెట్టాలంటే పాతకాలపు యూనిక్సులో "సార్ట్ +1" అనాలి. అంటే "మొదటి ఒక గడిని దాటి, అక్కడనుండి పోల్చు" అని అర్థం. ఊరుతోనే ఆగిపోవాలంటే "సార్ట్ +1 -2" అనాలి. 1979లో వెలువడిన యూనిక్సు ఏడవ కూర్పు మాన్యువల్‌లో ఇది స్పష్టంగా ఉన్నది. దాని పక్కనే టెయిల్ అనే మరో ఆదేశం. "టెయిల్ -10" అంటే ఫైలులో చివరి పది పంక్తులు. "టెయిల్ +10" అంటే పదవ పంక్తి మొదలు చివరిదాకా. బర్క్‌లీ యూనిక్సు నుండి వచ్చిన హెడ్ అనే ఆదేశానికి "హెడ్ -1" అంటే మొదటి పంక్తి ఒక్కటే. క్లుప్తమైన, టైపు చేయడానికి హాయిగా ఉండే రూపాలు. ఒక తరం మొత్తం వీటిని వేళ్ళతోనే నేర్చుకున్నది.

అయితే వీటిలో రెండు చిక్కులున్నాయి. మొదటిది లెక్కపెట్టే పద్ధతి. "+1" అంటే రెండవ గడి. దాటవలసినవి లెక్కపెట్టాలి గాని చేరవలసినది కాదు. కొత్తగా నేర్చుకునేవారికి ఇది తికమక. రెండవది ఇంకా లోతైనది. ఏ ఆదేశానికి ఆ ఆదేశం తన సొంత వ్యాకరణం పెట్టుకుంటే నేర్చుకోవడం కష్టమని 1980ల నాటికి యూనిక్సు లోకానికి తెలిసివచ్చింది. ఆప్షను అంటే అడ్డగీత, దాని వెంట ఒక అక్షరం, అవసరమైతే దాని వెంట ఒక విలువ. ఆ తరువాత ఫైళ్ళ పేర్లు. ఇదీ అందరూ ఒప్పుకోదగిన వ్యాకరణం. దీనిని అమలుచేసే గెట్‌ఆప్ట్ అనే ఫంక్షనును ఏటీ అండ్ టీ సంస్థ 1985లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఈ వ్యాకరణంలో కూడిక గుర్తుకు చోటు లేదు. అడ్డగీత వెంట నేరుగా అంకె రావడానికీ చోటు లేదు.

ఆదేశాలను ప్రామాణీకరించే పోసిక్స్ రెండవ భాగం 1992 సెప్టెంబరు నాటిది. అందులో సార్ట్‌కు "-కే" అనే కొత్త ఆప్షను వచ్చింది. "సార్ట్ -కే 2" అంటే రెండవ గడి మొదలుకొని. లెక్క ఒకటి నుండి మొదలవుతుంది. సామాన్యుడు వేళ్ళమీద లెక్కపెట్టినట్టే. హెడ్, టెయిల్ రెండింటికీ "-ఎన్" వచ్చింది. పాత రూపాలను వెంటనే కొట్టివేయలేదు. "వీటికి కాలం చెల్లబోతున్నది, కొత్తగా రాసేవారు వాడవద్దు" అని గుర్తు వేసి ఉంచారు. తొమ్మిదేళ్ళ తరువాత, 2001 కూర్పులో, వాటిని తొలగించారు. ఒకవైపునుండి చూస్తే ఇంతకంటే మర్యాదైన పద్ధతి లేదు. ప్రత్యామ్నాయం ముందు ఇచ్చారు, తరువాత నోటీసు ఇచ్చారు, దాదాపు దశాబ్దం ఆగారు, ఆపైన తొలగించారు.

మరి చిక్కు ఎక్కడ వచ్చింది? ఆ నోటీసును ఎవరు చదివారన్నదే ప్రశ్న. 1992 నాటి పోసిక్స్ ప్రమాణం ధర పెట్టి కొనుక్కోవలసిన గ్రంథం. దానిని చదివినవారు యూనిక్సు తయారుచేసే సంస్థల ఇంజనీర్లు, ప్రమాణాల సంఘాల సభ్యులు. "హెడ్ -1" అని రోజూ టైపు చేసేవారికి ఆ గ్రంథంతో పని లేదు. వారి యంత్రం మీద ఆ తొమ్మిదేళ్ళూ "హెడ్ -1" ఏ హెచ్చరికా లేకుండా, నిక్షేపంగా పనిచేస్తూనే ఉన్నది. పనిచేస్తున్నదానిని ఎవరు మారుస్తారు? గెజెట్‌లో ప్రకటన వచ్చినంత మాత్రాన ఊళ్ళోవాళ్ళకు తెలిసినట్టు కాదు.

2002, 2003 ప్రాంతంలో గ్నూ ప్రాజెక్టువారు ఫైల్‌యుటిల్స్, టెక్స్ట్‌యుటిల్స్, ఎస్‌హెచ్‌యుటిల్స్ అనే మూడు సంచికలను కలిపి కోర్‌యుటిల్స్‌గా చేశారు. 2003 ఏప్రిల్‌లో దాని 5.0 కూర్పు వచ్చింది. గ్నూవారు ప్రమాణాన్ని శ్రద్ధగా పాటించదలచారు. "ఏ సంవత్సరపు పోసిక్స్‌ను పాటించాలి?" అన్న ప్రశ్నకు వారి సమాధానం: ఆ యంత్రం మీది సి లైబ్రరీ తాను దేనిని పాటిస్తున్నానని చెప్పుకుంటే దానిని. జిలిబ్‌సీ కొత్త కూర్పులు 2001 ప్రమాణాన్ని పాటిస్తున్నామని ప్రకటించగానే, వాటిమీద కట్టిన కోర్‌యుటిల్స్ కూడా ఆ కాలానికి దూకింది. వాడుకరి తన స్క్రిప్టులో అక్షరం మార్చలేదు. అతని కంట పడని ఎక్కడో ఒక లైబ్రరీ తన జన్మపత్రికలో సంవత్సరం మార్చుకున్నది. ఇక్కడ "హెడ్ -1" ఆగిపోయింది.

ఆగిపోయిన తీరు గమనించదగినది. హెడ్ ఆదేశం "-1 అనే ఆప్షనుకు కాలం చెల్లింది; -ఎన్ 1 వాడండి" అన్న అర్థంలో ఒక పంక్తి చెప్పి, పని చేయకుండా నిష్క్రమించేది. వాడుకరికి ఏమి కావాలో ప్రోగ్రాముకు పూర్తిగా అర్థమైంది! అర్థమైనట్టు తానే ఒప్పుకున్నది. ఎలా అడగాలో కూడా నేర్పింది. అడిగింది మాత్రం ఇవ్వలేదు. "నీళ్ళు" అని అడిగిన దాహార్తుడితో "జలము అనవలెను" అని చెప్పి చెంబు వెనక్కి పట్టుకున్నట్టు ఉన్నది ఈ వ్యవహారం. ఎదురుగా మనిషి ఉంటే నవ్వుకునో తిట్టుకునో మళ్ళీ సరిగా అడుగుతాడు. ఎదురుగా ఉన్నది స్క్రిప్టు అయితే?

స్క్రిప్టులు కోకొల్లలుగా ఉన్నాయి. మూలంనుండి ప్రోగ్రాములు కట్టుకునే రోజులవి. కట్టడానికి ముందు నడిచే కాన్ఫిగర్ స్క్రిప్టులు తరచు చేసే పని ఒకటుంది: ఫలానా పనిముట్టు ఏ కూర్పో అడిగి, అది చెప్పే నాలుగు పంక్తుల సమాధానంలో మొదటి పంక్తిని "హెడ్ -1"తో పట్టుకోవడం. అది విఫలమైతే కూర్పు సంఖ్య బదులు శూన్యం చేతికి వస్తుంది. శూన్యాన్ని కూర్పు సంఖ్యగా భావించిన స్క్రిప్టు "మీ పనిముట్టు పాతది" అనో "అసలు లేదు" అనో తీర్మానిస్తుంది. వాడుకరికి చివరికి కనిపించే ఫిర్యాదుకూ, అసలు కారణానికీ సంబంధమే ఉండదు.

టెయిల్ కథ ఇంకా విషాదం. ఆ రోజుల్లో లినక్సు కోసం అమ్మే, పంచే ప్రోగ్రాములు చాలావరకు తమను తామే విప్పుకునే ఒకే ఫైలుగా వచ్చేవి. పైన కొన్ని వందల పంక్తుల షెల్ స్క్రిప్టు, దాని కిందనే అంటించిన బైనరీ మూట. నడపగానే పై స్క్రిప్టు "నాలో ఫలానా పంక్తి మొదలుకొని కిందిదంతా విడదీయి" అంటుంది. అందుకు వాడేది "టెయిల్ +ఇన్ని". 2001 ప్రమాణం ప్రకారం ఆ కూడిక గుర్తుతో మొదలయ్యేది ఆప్షను కాదు, ఫైలు పేరు. కనుక టెయిల్ ఆ పేరుగల ఫైలును వెతికి, లేదని చెప్పేది. మూట విడివడేది కాదు. ఈ ఫైళ్ళు అప్పటికే సీడీలలోకి, సర్వర్లలోకి వెళ్ళిపోయాయి. వాటిని ఎడిటర్‌లో తెరిచి మార్చుదామంటే లోపల బైనరీ ఉన్నది. మార్చితే సరిచూసుకునే మొత్తం తప్పవచ్చు. రాసినవారు కొత్త మూట విడుదల చేసేదాకా వాడుకరి చేయగలిగినది స్వల్పం.

అన్నిటికంటే ప్రమాదకరమైనది "సార్ట్ +1". ఒక గొట్టం చివర దీనిని పెట్టామనుకోండి. గొట్టంలోంచి వచ్చే సరుకును సార్ట్ తీసుకుని వరుస పెట్టాలి. కొత్త అర్థంలో "+1" ఒక ఫైలు పేరు. ఫైలు పేరు ఇచ్చారు గనుక సార్ట్ గొట్టంవైపు చూడనే చూడదు. ఆ పేరుతో ఫైలు లేకపోతే తప్పు చెప్పి ఊరుకుంటుంది. వచ్చిన సరుకంతా నేలపాలు. ఇక సరిదిద్దబోయి తొందరపడితే మరో గొయ్యి: "+1"ని "-కే 1"గా మార్చినవాడికి తప్పు సందేశం రాదు, తప్పు వరుస వస్తుంది. పాతదాని లెక్క సున్నానుండి, కొత్తదాని లెక్క ఒకటినుండి గనుక సరైన మార్పు "-కే 2". ఆగిపోయిన స్క్రిప్టుకంటే తప్పుగా నడిచే స్క్రిప్టు ఎక్కువ హాని చేస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

గ్నూవారు దీనికి ఒక తలుపు తెరిచే ఉంచారు. పోసిక్స్2 వెర్షన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 199209 అని విలువ ఇస్తే ఆ ఆదేశాలు 1992 నాటి మాట వింటాయి. ఈ ఏర్పాటులో ఒక తెలివి ఉన్నది. స్క్రిప్టును తెరవకుండా, మూట విప్పకుండా, దానిని నడిపే వాతావరణాన్ని మాత్రం వెనక్కి తిప్పవచ్చు. ఎన్విరాన్‌మెంట్ వారసత్వంగా పిల్ల ప్రోగ్రాములకు సంక్రమిస్తుంది గనుక ఎంత లోతున ఉన్న "టెయిల్ +" అయినా మళ్ళీ పనిచేస్తుంది. లోపమూ అదే. 2001 పద్ధతిని నమ్మి రాసిన స్క్రిప్టు ఏదైనా అదే ఇంట్లో ఉంటే అదీ వెనక్కి పోతుంది. పైగా అలాంటి తలుపు ఉన్నదని తెలిసినవాడికే అది తలుపు, తెలియనివాడికి గోడే.

కొన్నేళ్ళకు రాజీ కుదిరింది. ఆ రాజీలో ఉన్న సూక్ష్మాన్ని నేను ఈ మొత్తం చరిత్రకు గుండెకాయగా భావిస్తాను. 2001 ప్రమాణం "హెడ్ -1"ను తీసివేసింది నిజమే. కాని దాని స్థానంలో మరో అర్థాన్ని కూర్చోబెట్టలేదు. ఆ చోటు ఖాళీగా ఉన్నది. ఖాళీ చోటులో ఎవరైనా తమ సొంత చేర్పుగా పాత అర్థాన్నే నిలుపుకోవచ్చు. ప్రమాణం అడ్డు చెప్పదు. కనుక కోర్‌యుటిల్స్ "హెడ్ -1"ను మళ్ళీ అంగీకరించడం మొదలుపెట్టింది. ఇవాళ్టికీ అది పనిచేస్తున్నది. "సార్ట్ +1", "టెయిల్ +10"ల సంగతి అది కాదు. వాటి చోటు ఖాళీ కాలేదు. "అది ఫైలు పేరు" అనే కొత్త అద్దెదారు వచ్చి చేరాడు. రెండు అర్థాలకూ ఒకేసారి న్యాయం చేయడం అసాధ్యం. మాటను విరమించుకోవడం ఒకటి, అదే మాటకు వేరే అర్థం ఇవ్వడం మరొకటి.

చివరికి ప్రమాణమే దిగివచ్చింది. 2008 పోసిక్స్ "ఈ విషయంలో పాత పద్ధతి పాటించినా సరే, కొత్త పద్ధతి పాటించినా సరే" అని వదిలివేసింది. ఆ తరువాతి కోర్‌యుటిల్స్ ఈ వెసులుబాటును వాడుకుని, 2008 ప్రమాణం కింద పాత అర్థాన్నే ఇస్తున్నది. అంటే 1992లో నోటీసు, 2001లో తొలగింపు, 2008లో పునరాగమనం. ఈ మధ్యకాలపు గాయానికి గుర్తుగా కోర్‌యుటిల్స్ మాన్యువల్‌లో ఒక సలహా మిగిలి ఉన్నది. పాత యంత్రాలకు "-ఎన్" తెలియదు, కొత్త యంత్రాలు "-5"ను ఒప్పుకోకపోవచ్చు. రెండుచోట్లా నడవవలసిన స్క్రిప్టు అయితే హెడ్‌ను వదిలేసి "సెడ్ 5క్యూ" వాడుకోవడం సులువు అని. హెడ్ గురించి చెప్పే పేజీయే హెడ్‌ను వాడకుండా ఉండటం మేలని చెబుతున్నది!

ఇలాంటిదే గిట్ కథ. మొదట్లో గిట్ అంటే ఒకే ఆదేశం కాదు. "గిట్-కమిట్", "గిట్-లాగ్" అంటూ మధ్యలో గీతతో వందకు పైగా విడివిడి ప్రోగ్రాములు వాడుకరి దారిలో పరచి ఉండేవి. గీత లేకుండా "గిట్ కమిట్" అని పిలవడమే మంచిదని 2006 తొలినాళ్ళనుండి చెబుతూ వచ్చారు, 1.5.4 విడుదల పత్రంలో అధికారికంగా ప్రకటించారు. 2008 ఆగస్టులో 1.6.0 కూర్పుతో ఆ గీతల ప్రోగ్రాములను దారిలోంచి తీసి మరో సంచీలో పెట్టారు. కావలసినవారు ఆ సంచీని తమ దారిలో చేర్చుకునే ఉపాయం కూడా విడుదల పత్రంలోనే రాశారు. అయినా విడుదలయ్యాక నిరసనలు వెల్లువెత్తాయి. కారణం పాతదే: విడుదల పత్రం చదివేవారు కొందరే, ప్రోగ్రాము మాత్రం ఆ రెండేళ్ళూ నోరు మెదపలేదు.

ఆ తరువాత గిట్ నిర్వాహకుల నడత మారింది. పుష్ అనే ఆదేశం ఏ శాఖలను పంపాలన్న విషయంలో మ్యాచింగ్ అనే పాత అలవాటును సింపుల్ అనే కొత్త అలవాటుగా 2014 మేలో 2.0 కూర్పులో మార్చారు. అంతకు ముందు కూర్పులలో, ఆ విషయంలో తన ఇష్టమేమిటో సెట్టింగులో చెప్పుకోని వాడుకరి పుష్ చేసినప్పుడల్లా ప్రోగ్రాము స్వయంగా హెచ్చరించేది: ఫలానా మార్పు రాబోతున్నది, పాతదే కావాలంటే ఇలా రాసుకో, కొత్తది ఇప్పుడే కావాలంటే ఇలా రాసుకో అని. ఆ ఒక్క పంక్తి రాసుకుంటే హెచ్చరిక ఆగిపోయేది. నోటీసు గుడి గోడమీద అంటించడానికీ, ఇంటికి వచ్చి చేతికి ఇవ్వడానికీ ఉన్న తేడా ఇది.

అయితే హెచ్చరించడం కూడా నిరపాయకరం కాదని గ్రెప్ ఉదంతం చెబుతుంది. వెతుకులాటకు గ్రెప్, ఈగ్రెప్, ఎఫ్‌గ్రెప్ అని ముగ్గురు అన్నదమ్ములు 1970ల నుండీ ఉన్నారు. 1992 పోసిక్స్ తమ్ముళ్ళిద్దరినీ "గ్రెప్ -ఈ", "గ్రెప్ -ఎఫ్" అనే ఆప్షనులుగా పెద్దవాడిలో కలిపివేసింది. గ్నూ గ్రెప్ 2007లో 2.5.3 కూర్పునుండి ఆ రెండు పేర్లను కాలం చెల్లినవిగా చెబుతూ, 2022 సెప్టెంబరులో 3.8 కూర్పునుండి వాటిని పిలిచిన ప్రతిసారీ హెచ్చరిక పంక్తి వెలువరించడం మొదలుపెట్టింది. పని మునుపటిలాగే జరుగుతుంది. పైన ఒక పంక్తి అదనం, అంతే. కాని తప్పుల దారిలో ఒక్క అక్షరం వచ్చినా విఫలమైందని తీర్పు ఇచ్చే పరీక్షా స్క్రిప్టులున్నాయి. ఏ కొంచెం చప్పుడు వచ్చినా మెయిలు పంపే క్రాన్ ఉన్నది. వాటికి ఆ పంక్తే విఘాతం. అందుకే కొన్ని లినక్సు పంపిణీలవారు ఆ హెచ్చరికను తీసివేసి తమ వాడుకరులకు ఇచ్చారు. రెండు అక్షరాల పేరుమార్పుకోసం యాభై ఏళ్ళ అలవాటును కదిలించాలా అన్న వాదన ఇంకా తెగలేదు.

జావా యంత్రం నడిపేవారు ఈ సమస్యకు ఒక క్రమబద్ధమైన పరిష్కారం ఆలోచించారు. హాట్‌స్పాట్‌లో ఒక ఆప్షను చావుకు మూడు దశలున్నాయి. మొదటి దశలో అది పనిచేస్తూనే హెచ్చరిస్తుంది. రెండవ దశలో పని చేయదు, కాని ఆప్షనును గుర్తుపట్టి, "దీనిని పట్టించుకోవడం లేదు" అని చెప్పి ముందుకు సాగుతుంది. మూడవ దశలోనే దానిని ఎరగనంటుంది. ఎరగని ఆప్షను ఇస్తే యంత్రం బయలుదేరదు. 2014లో జావా 8 నుండి పర్మ్‌జెన్ అనే జ్ఞాపక ప్రాంతమే లేకుండా పోయింది. దాని పరిమాణం చెప్పే మ్యాక్స్‌పర్మ్‌సైజ్ ఆప్షను లెక్కలేనన్ని సర్వర్ల ఆరంభ స్క్రిప్టులలో నిలిచిపోయి ఉన్నది. జావా 8 దానిని చూసి చిన్న హెచ్చరిక చేసి నడిచిపోయేది. ఏడేళ్ళ తరువాత, 2021 నాటి జావా 17 మాత్రం దానిని చూసి మొరాయించింది. అప్పటికీ దెబ్బతిన్నవారు ఉన్నారు. కాని ఆ ఏడేళ్ళలో ప్రతి ఆరంభంలోనూ ఆ పంక్తి వారి కళ్ళముందే ఉన్నది.

ఈ రెండవ దశ, అంటే గుర్తుపట్టి ఊరుకోవడం, అన్నిచోట్లా చెల్లదు. జ్ఞాపక పరిమాణం చెప్పే ఆప్షనును విస్మరిస్తే ఫలితం మారదు. రక్షణకోసం పెట్టిన ఆప్షనును విస్మరిస్తే కొంప మునుగుతుంది. కాపీ చేసే సీపీ, తరలించే ఎంవీ ఆదేశాలకు గ్నూలో ఒకప్పుడు "--రిప్లై" అనే ఆప్షను ఉండేది. పాత ఫైలు మీద రాయాలా అన్న ప్రశ్నకు ముందుగానే అవుననో కాదనో జవాబు చెప్పి పెట్టడం దాని ఉద్దేశం. దానిని మూడేళ్ళపాటు హెచ్చరికతో ఉంచి తరువాత తొలగించారు. తొలగించాక ఇస్తే ఆదేశం తప్పు చెప్పి ఆగిపోతుంది. ఇక్కడ ఆగిపోవడమే ధర్మం. "వద్దు" అని చెప్పినవాడి మాట వినబడనట్టు నటించి అతని ఫైలు మీద రాసేస్తే అది మర్యాద కాదు, ద్రోహం. హెడ్ విషయంలో మూర్ఖత్వమైన నిరాకరణే ఇక్కడ వివేకం అయింది.

మార్చకుండా వదిలేసినవారి మాటా చెప్పుకోవాలి. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ అనే ప్రోగ్రామును రాసినప్పుడు ఆదేశాల పంక్తులు ట్యాబ్ అక్షరంతో మొదలు కావాలన్న నియమం పెట్టాడు. అది మంచి నియమం కాదని కొద్దికాలానికే తెలిసింది. కాని అప్పటికే ఒక డజనుమంది దాకా వాడుకరులు, చాలావరకు స్నేహితులు, ఏర్పడ్డారని, వారిని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక వదిలేశానని ఆయనే తరువాత చెప్పాడు. ఆ డజనుమంది మొహమాటానికి దాదాపు యాభై ఏళ్ళుగా లోకమంతా ట్యాబుకూ ఖాళీలకూ తేడా కనబడక అవస్థ పడుతున్నది. ఎప్పటికీ తీసివేయకపోవడం కూడా ఉచితం కాదు. దాని ఖర్చు ఇంకా పుట్టని వాడుకరుల ఖాతాలో పడుతుంది.

మనం రాసుకునే ఈ లిపి విషయంలో యూనికోడ్‌వారు ఈ ఖర్చును తెలిసే ఒప్పుకున్నారు. 1993లో టిబెటన్ లిపిని తొలగించి 1996లో మరోచోట మళ్ళీ చేర్చారు. అదే 1996లో కొరియన్ అక్షరాలను ఒకచోటినుండి మరోచోటికి తరలించారు. ఆ చేదు అనుభవాల తరువాత, ఒకసారి చోటిచ్చిన అక్షరాన్ని ఇక తీసివేయబోమని, కదపబోమని కట్టుబడ్డారు. అందుకే అరసున్న, బండి ఱ, ఌ వంటివి మన రోజువారీ రాతలోంచి దాదాపు తప్పుకున్నా యూనికోడ్‌లో తమ గదులలో భద్రంగా ఉన్నాయి. వాడకం ఆగిపోవడం వేరు, చోటు పోవడం వేరు. రేపు ఎవరో ఒక పాత ప్రబంధాన్ని టైపు చేయబోతే ఆ అక్షరాలు అక్కడే దొరుకుతాయి.

ఇన్ని కథలు విన్నాక నాకు తోచినది ఇది. ఆప్షను తీసివేయడం పాపం కాదు. ఏమీ తీసివేయని ప్రోగ్రాము కొన్నాళ్ళకు అటకలాగా తయారవుతుంది. కాని ముందు ప్రత్యామ్నాయం ఉండాలి, అది పాతదానితో పాటు కొన్నేళ్ళు కలిసి బ్రతకాలి. నోటీసు పత్రంలో కాక వాడుకరి కంటపడే చోట ఉండాలి, దానిని ఆపుకునే ఉపాయం కూడా అందులోనే చెప్పాలి. విస్మరిస్తే నష్టం లేనిదానిని విస్మరించాలి, నష్టం ఉన్నదానిని నిరాకరించాలి. ఖాళీ చేసిన చోటులో కొత్త అర్థాన్ని, వీలైనంతకాలం, కూర్చోబెట్టకూడదు. వీటన్నిటికీ వెనుక ఉన్నది ఒక్కటే ప్రశ్న: మనకు కనబడని మనిషిపట్ల మనకు బాధ్యత ఉన్నదా, లేదా?

ఉన్నదనే నా విశ్వాసం. "ప్రమాణం మారింది, మీరు చదువుకోవలసింది" అన్నవారిది న్యాయశాస్త్రం దృష్ట్యా సరైన వాదమే. కాని ఆ స్క్రిప్టును రాసినవాడు పుస్తకంలో ఉన్నదానినే నమ్మి రాశాడు. దొంగదారిన పోలేదు, దాగిన లక్షణాన్ని పట్టుకు వేలాడలేదు. మాట నమ్మినవాడు శిక్ష పడి, నమ్మనివాడు తప్పించుకునే చోట ఇక ఎవరు ఎవరి మాన్యువల్ చదువుతారు? 2008లో పోసిక్స్ వెనక్కి తగ్గడాన్ని ఓటమిగా చూసేవారున్నారు. పదహారేళ్ళ కిందట తాము వద్దన్నది వాడుకరులకు ఇంకా కావాలని గ్రహించి ప్రమాణకర్తలు ఒక మెట్టు దిగిరావడం నాకు మాత్రం వారి పెద్దరికంగానే కనిపిస్తుంది.

మీరు నడిపే ప్రోగ్రాములలో ఇలా తీసివేసినవి, తీసివేయలేక ఉంచుకున్నవి ఏమైనా ఉంటే తెలియజేయగలరు. వాటి వెనుక కూడా ఇలాంటి చరిత్రే ఉండి ఉంటుంది.